ఖాళీ ఉన్నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కని ఫైలు: విండోస్ 11 వేసిన నా అనుభవం

మా పిన్ని కూతురి ల్యాప్‌టాప్‌కి కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించాక అందులో విండోస్ 11 ఎక్కించే పని నాకు వచ్చింది. నా సిస్టమ్‌లో ఉన్నది ఉబుంటు అనే లైనక్స్. విండోస్ ఉన్న కంప్యూటర్ దగ్గరుంటే, ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ తయారుచేసిపెట్టే రూఫస్‌తోనో, మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తోనో పని అయిపోయేది. ఆ రెండూ విండోస్‌లోనే నడుస్తాయి. కాబట్టి ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) దింపుకుని, అంతా చేత్తోనే చేయాల్సి వచ్చింది.

లైనక్స్ ఐఎస్‌ఓని డీడీ కమాండ్‌తో ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్ మీద రాసేస్తే బూట్ అవుతుంది, అంటే కంప్యూటర్ దాని నుంచే మొదలవుతుంది. విండోస్ ఐఎస్‌ఓని ఆ పద్ధతికి తగ్గట్టు తయారు చేయరు. దాన్ని తెరిచి, లోపలి ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. 16 జీబీ పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 (డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి)లో ఫార్మాట్ చేసి కాపీ మొదలుపెట్టాను. అన్నీ ఎక్కాయి గానీ సోర్సెస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాల్.విమ్ దగ్గర ‘ఫైల్ టూ లార్జ్’ అని ఆగిపోయింది. పెన్‌డ్రైవ్‌లో చూస్తే ఇంకా బోలెడు ఖాళీ ఉంది.

ఇక్కడ అడ్డం వచ్చేది పెన్‌డ్రైవ్ సైజు కాదు, ఒక్కో ఫైలు సైజు. ఫ్యాట్32 ప్రతి ఫైలు సైజునీ 32 బిట్లలో రాసుకుంటుంది. అప్లికేషన్ ఫారంలో నాలుగే గళ్లు ఇస్తే 9999 దాటిన అంకె రాయలేం కదా, ఇదీ అంతే. 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 4,294,967,295. అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. విండోస్ మొత్తాన్నీ కుదించి పెట్టిన ఇన్‌స్టాల్.విమ్ నా ఐఎస్‌ఓలో ఆ గీత దాటేసింది.

“అన్నయ్యా, మా ఫ్రెండ్స్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయమంటున్నారు” అంది చెల్లి. పెద్ద ఫైళ్లు పట్టే ఇంకో అమరిక అది, చాలామంది చెప్పే సలహా అదే. చేసి చూశాం. కాపీ సాఫీగా అయింది. నా ల్యాప్‌టాప్ బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు వచ్చింది, తన దాంట్లో రాలేదు. కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామ్ ఫర్మ్‌వేర్. దాని యూఈఎఫ్‌ఐ ప్రమాణం ప్రకారం అది చదవగలిగి తీరాల్సింది ఫ్యాట్ కుటుంబాన్ని మాత్రమే. ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడం ఆ మదర్‌బోర్డు తయారుచేసినవాళ్ల ఇష్టం. పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్‌దీ ఇదే పరిస్థితి. రూఫస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ వాడేటప్పుడు పక్కనే ఒక బుల్లి ఫ్యాట్ పార్టిషన్ (డ్రైవ్‌లో ఒక భాగం) పెట్టి, ముందు దాని నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవర్ లోడ్ చేయించేది ఇందుకే.

నా మటుకు నాకు ఫార్మాట్ మార్చడం కన్నా ఫైలుని విడగొట్టడమే సరైన దారి అనిపించింది. దానివల్ల పెన్‌డ్రైవ్ ఏ యూఈఎఫ్‌ఐ మెషిన్‌లో పెట్టినా చదవగలిగేలా ఉంటుంది. పైగా ఇది దొంగదారి కాదు. మైక్రోసాఫ్టే తన డిజమ్ టూల్‌లో స్ప్లిట్ ఇమేజ్ అనే ఆప్షన్ ఇచ్చింది. ఉబుంటులో అదే పనికి విమ్‌టూల్స్ ప్యాకేజీ ఉంది. పెన్‌డ్రైవ్‌ని మళ్లీ ఫ్యాట్32 చేసి, ఇన్‌స్టాల్.విమ్ ఒక్కటి వదిలేసి మిగతావన్నీ కాపీ చేశాను. తర్వాత విమ్‌లిబ్-ఇమేజ్‌ఎక్స్ స్ప్లిట్ కమాండ్‌కి ముక్క సైజు 3800 ఎంబీ అని ఇచ్చాను. సోర్సెస్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్.ఎస్‌డబ్ల్యూఎమ్, ఇన్‌స్టాల్2.ఎస్‌డబ్ల్యూఎమ్ అని రెండు ఫైళ్లు తయారయ్యాయి. ఈ పేర్లు మార్చకూడదు, సెటప్ వాటిని చూసి తనే కలుపుకుంటుంది.

కాపీ అయిపోయినట్టు కనిపించినా పెన్‌డ్రైవ్ వెంటనే లాగేయకండి. లైనక్స్ డేటాని ముందు మెమరీలో ఉంచుకుని మెల్లగా రాస్తుంది. సింక్ కమాండ్ ఇచ్చి, అది పూర్తయ్యాకే తీయాలి. పాత పెన్‌డ్రైవ్ అయితే ఇక్కడే చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టాల్సిందే.

విండోస్‌లో ఈ పని చేసేవాళ్లకి ఒక మాట. 64 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే మామూలు ఫార్మాట్ విండోలో ఫ్యాట్32 అన్నదే కనిపించకపోవచ్చు. 32 జీబీ దాటితే చూపించకపోవడం ఆ టూల్ పెట్టుకున్న హద్దు, ఫ్యాట్32ది కాదు. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో 16 జీబీ పార్టిషన్ ఒకటి చేసుకుని దాన్ని ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ (డిస్క్ మొత్తాన్నీ ఖాళీ చేసే కమాండ్) కొట్టే ముందు మాత్రం డిస్క్ నంబరు, సైజు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ఈసారి చెల్లి ల్యాప్‌టాప్ బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ కనిపించింది, సెటప్ తెరుచుకుంది. కానీ డిస్కుల జాబితా ఖాళీ! ఇంటెల్ వీఎమ్‌డీ (స్టోరేజ్‌ని నడిపే ఒక ఫీచర్) ఆన్‌లో ఉన్న మెషిన్లలో ఇలా అవుతుంది. ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ దింపి, అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో వేసి, లోడ్ డ్రైవర్ నొక్కి చూపించాక ఎస్‌ఎస్‌డీ కనబడింది. పనిలో పనిగా వైఫై డ్రైవర్ కూడా అందులోనే పెట్టాను, ఎందుకంటే విండోస్ 11 సెటప్ చివర్లో ఇంటర్నెట్ అడుగుతుంది. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌ని చెల్లి దగ్గరే ఉంచేశాను. హాస్టల్లో ఇంకెవరికైనా అవసరపడితే ఇస్తానంది.