పొగాకు బ్యారన్ పక్కన గోంగూర మడి

నార్త్ కరొలైనా రాష్ట్రపు మధ్యభాగాన్ని పీడ్‌మాంట్ అంటారు. అక్కడి పల్లెదారుల్లో వెళ్తుంటే ఎర్రమట్టి చేల అంచున, రేకు కప్పులు తుప్పుపట్టి, తీగలు అల్లుకున్న ఎత్తైన చెక్క గదులు కనిపిస్తాయి. వాటిని మొదటిసారి చూసినప్పుడు, పక్కన ఉన్న తోటి ఉపాధ్యాయురాలు అవేమిటో చెప్పేలోపే నేను ‘పొగాకు ఆరబెట్టే బ్యారన్లు’ అన్నాను. కందుకూరు వైపు పుట్టి పెరిగిన వారికి పొగాకు బ్యారన్‌ను ఒకరు పరిచయం చేయనక్కరలేదు. మా నాన్న కౌలు చేలో పండించిన వర్జీనియా పొగాకు అలాంటి గదిలోనే కర్రలకు వేలాడుతూ పసుపు తిరిగేది. ఆకును బంగారు రంగులో ఆరబెట్టే ఆ పద్ధతి 1839లో ఈ రాష్ట్రంలోని కాస్వెల్ కౌంటీలో, స్టీఫెన్ అనే బానిస యువకుడి చేతుల మీదుగా మొదలైందని ఇక్కడ చెబుతారు. మేము అద్దెకుంటున్న ఇంటి వెనుక కూడా ఒక పాత బ్యారన్ ఉంది. ఐదేళ్లుగా నా శని, ఆదివారాలు దాని దక్షిణపు గోడ పక్కనే గడుస్తున్నాయి.

నేను ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. వసంతకాలం బయట ఎంత అందంగా ఉంటుందో బడిలో అంత బరువుగా ఉంటుంది. ఏడాది చివర రాష్ట్రం పెట్టే పరీక్షలకు పిల్లలను సిద్ధం చేయాలి. శుక్రవారం సాయంత్రానికి గొంతు బొంగురుపోయి, ఇంట్లో వాళ్లతో మాట్లాడే ఓపిక కూడా ఉండదు. శనివారం పొద్దున పార పట్టుకుని మడిలోకి దిగితే ఎవరితోనూ మాట్లాడకుండా రెండు గంటలు గడిచిపోతాయి, ఆ తర్వాత మాట్లాడాలని మళ్లీ అనిపిస్తుంది.

మొదటి ఏడాది నేల రంగు చూసి మోసపోయాను. మన ఎర్రనేలే కదా అనుకుని, మార్చిలో నాలుగు రోజులు ఎండ కాయగానే గోంగూర, బెండ విత్తనాలు చల్లాను. మొలకలు రెండాకులు వేశాయో లేదో, ఏప్రిల్ మొదటివారంలో ఒక రాత్రి మంచు కురిసి అన్నీ నల్లబడిపోయాయి. ఇంటి యజమాని పెద్దాయన వచ్చి చూసి, ఏప్రిల్ సగం దాటితే గాని ఇక్కడ వేసవి పంటల జోలికి పోకూడదని చెప్పారు. అంతటితో ఆగకుండా వ్యవసాయ విస్తరణ కార్యాలయానికి తీసుకెళ్లి, మట్టి నమూనా వేసే అట్టపెట్టె ఇప్పించారు. ఏప్రిల్ నుంచి నవంబరు వరకు రాష్ట్ర వ్యవసాయశాఖ ఇక్కడి వారికి మట్టిని ఉచితంగా పరీక్షిస్తుంది. నా మట్టిలో ఆమ్లం ఎక్కువగా ఉందనీ, సున్నం వేయాలనీ ఆ నివేదిక తేల్చింది. ఆమ్లాలు, క్షారాలు పాఠం చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆ కాగితాన్నే పిల్లలకు చూపిస్తాను. పుస్తకంలోని పీహెచ్ పట్టిక కన్నా, తమ ఊరి మట్టికి వచ్చిన అంకెనే వాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

ఈ మట్టి తడిస్తే బంక, ఎండితే ఇటుక. అందుకని చెక్కలతో ఎత్తు మడులు కట్టి, ఆకుల ఎరువు, సున్నం కలిపాను. ఇప్పుడు మార్చిలో మెంతికూర, కొత్తిమీర, పాలకూర వేస్తాను. ఎండలు ముదరగానే కొత్తిమీర పూతకు వచ్చేస్తుంది కనుక అది ఆ రెండు నెలల సంబరమే. ఏప్రిల్ చివర సొర, బీర పాదులు పెట్టి, పందిరి గుంజలు పాతుతాను. అంతకు కొన్ని వారాల ముందు పైన్ చెట్ల పుప్పొడి రాలి కారు, మెట్లు, కోళ్ల రెక్కలు కూడా పసుపు అద్దుకున్నట్టు ఉంటాయి.

కోళ్ల సంగతికి వస్తాను. వసంతం రాగానే ఇక్కడ వ్యవసాయ సామగ్రి దుకాణాల్లో రోజుల కోడిపిల్లలను రేకు తొట్లలో పెట్టి అమ్ముతారు. రెండో ఏడాది ఆరు పిల్లలను తెచ్చి గ్యారేజీలో పెట్టాను. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉంచి, ఆపై వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గించాలి. వాటికి ఈకలు వచ్చేదాకా రాత్రిళ్లు లేచి, దీపం ఎత్తు సరిచేయడం నా పనైంది. మా అమ్మ ఫోనులో విని, "తల్లి రెక్కలు చేసే పనికి నువ్వు లెక్కలు కడుతున్నావేంది" అంది.

గూటికి సన్నని కోళ్ల వల చుట్టడం నేను చేసిన తప్పు. అది కోళ్లు బయటికి పోకుండా ఆపుతుందే గాని, రాత్రిళ్లు తిరిగే రకూన్ అనే జంతువు లోపలికి రాకుండా ఆపలేదు. మనిషి చేతుల్లాంటి దాని ముందుకాళ్లతో ఆ తీగను చింపేయగలదు. జూన్‌లో ఒక రాత్రి రెండు పెట్టలు పోయాయి. ఊళ్లో గద్ద తన్నుకుపోయినప్పుడు అమ్మ శాపనార్థాలు పెట్టేది. నాకు మాత్రం కోపం రాలేదు, కాపాడతానని తెచ్చి కాపాడలేకపోయానన్న బాధే మిగిలింది. మరుసటి శనివారం అరంగుళం గళ్ల ఇనుప జాలీ తెచ్చి, నేలలో అడుగు లోతుకు కూడా దించి బిగించాను. ఆ తర్వాత ఒక్కటీ పోలేదు.

2025 మార్చిలో బర్డ్ ఫ్లూ వల్ల దేశంలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు చేరింది. ఆ నెలంతా బడిలో వంట చేసే ఇద్దరమ్మలకూ, గదులు ఊడ్చే పెద్దాయనకూ గుడ్లు పట్టుకెళ్లాను. దాణా ఖర్చు లెక్కిస్తే మా గుడ్లేమీ చౌక కాదు, కానీ గోధుమరంగు గుడ్లున్న ఆ అట్టపెట్టె వల్లే వాళ్లతో నా పరిచయం నమస్కారాలు దాటి ముందుకు సాగింది.

నాలా వేరే దేశం నుంచి వచ్చిన ఉపాధ్యాయులకు ఈ వీసా మూడేళ్లకు ఇస్తారు, పొడిగిస్తే ఐదేళ్ల వరకు. ఇది ఐదో వసంతం. గోంగూర పొద్దు తగ్గితే గాని పూయదు. అది పూసి, కాయ ముదిరేలోపే ఇక్కడ మంచు పడిపోతుంది. అందుకని రెండు మొక్కలను కుండీల్లో పెంచి, చలి రాత్రుల్లో గ్యారేజీలోకి మోసి, పోయిన నవంబరులో గుప్పెడు విత్తనం తీశాను. అందులో సగం చల్లి, మిగిలినవి మందారం వంటి ఆ పూలను ఇష్టపడే తోటి ఉపాధ్యాయురాలికి ఇచ్చాను.

ఈసారి కోడిపిల్లలను కొనకూడదనుకున్నాను. కానీ ఏప్రిల్ చివర బఫ్ ఆర్పింగ్టన్ జాతి పెట్ట పొదుగుకు వచ్చి, ఖాళీ గూట్లోనే ముక్కు దూర్చి కూర్చుంది. మాకు పుంజు లేదు. గోంగూర విత్తనం తీసుకున్న ఆ ఉపాధ్యాయురాలే తన కోళ్ల నుంచి గుడ్లు తెచ్చింది. పొదుగుకు బేసి సంఖ్యే పెట్టాలంటుంది మా అమ్మ, అందుకని తొమ్మిది పెట్టాను. పిల్లలు ఆవిడ దొడ్లోకే వెళ్తాయి. ఇరవయ్యొకటో రోజు మే మూడో శనివారం పడుతుంది. ఆ వారం పరీక్ష కాగితాలు ఇంటికి తెచ్చుకోనని ఇప్పుడే బడిలో చెప్పి ఉంచాను.