మార్చి నెలాఖరులో సకురా

జపాన్‌లో ఉద్యోగం చేసేవాళ్లకి వసంతం ఇబ్బందికరమైన టైములో వస్తుంది. ఇక్కడ కూడా ఆర్థిక సంవత్సరం మార్చి 31తోనే ముగుస్తుంది. రిలీజులు, లెక్కలు, బదిలీలు, వీడ్కోలు పార్టీలు అన్నీ ఆ నెలాఖరులోనే. టోక్యోలో సకురా, అంటే చెర్రీ చెట్లు పూసేదీ దాదాపు అప్పుడే. మొదటి పువ్వు విచ్చుకున్నాక చెట్టు నిండటానికి వారం. ఆ తర్వాత ఒక్క గట్టి వాన పడిందంటే అంతే సంగతులు. ఆదివారం చూద్దాంలే అనుకుంటే కుదరదు.

పూత మొదలైందని చెప్పడానికీ ఇక్కడ ఓ పద్ధతుంది. యాసుకుని మందిరం ఆవరణలో ఒక గుర్తు చెట్టుంటుంది. వాతావరణ శాఖ మనిషి వచ్చి చూసి, అయిదారు పూలు విచ్చుకుంటే టోక్యోలో సకురా మొదలైందని ప్రకటిస్తాడు. చుట్టూ టీవీ కెమెరాల హడావుడి. 80 శాతం మొగ్గలు విచ్చుకుంటే నిండు పూత కింద లెక్క. ఊళ్లో చెట్లన్నీ ఒక్కసారే పూయడానికి కారణం, వాటిలో ఎక్కువ భాగం సొమెయ్ యొషినో అనే ఒకే రకం కావడం. మన బంగినపల్లి మామిడిలాగే ఇదీ అంటు కట్టి పెంచేదే.

సకురాని చూడటం ఎంత తేలికో ఫోటో తీయడం అంత కష్టం. దూరానికి గులాబీ రంగు, దగ్గరికెళ్తే దాదాపు తెలుపు. మబ్బు పట్టిన రోజు వెనక తెల్లటి ఆకాశం ఉంటే, కెమెరా మొత్తం కలిపి బూడిద రంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి తీసుకునే వెలుతురు కాస్త పెంచాలి, లేదా వెనక ముదురు రంగేదైనా దొరికే చోట నిలబడాలి. గుడి కప్పో, పైన్ చెట్టో, కాలవ గోడో. టోక్యోలో సకురాకి పేరున్న మెగురో నది ఒడ్డున ఆ రోజుల్లో పూలకన్నా మనుషులే ఎక్కువ పడతారు. పైగా తెలియనివాళ్ల మొహాలు కనబడే ఫోటో నెట్‌లో పెట్టడం ఇక్కడ మర్యాద కాదు. అందుకే ఆఫీసుకు వెళ్లేముందు మా ఇంటి దగ్గరి కాలవ గట్టే నాకు స్టూడియో.

అక్కడ పొద్దున్నే పిచ్చుకలు పనిలో ఉంటాయి. మెజిరో అనే ఆకుపచ్చ పిట్ట, కంటి చుట్టూ తెల్ల ఉంగరం ఉండేది, పద్ధతిగా పువ్వులో ముక్కు పెట్టి తేనె తాగుతుంది. పిచ్చుకకు అంత ఓపిక లేదు. పువ్వుని తుంచి, అడుగున కొరికి తేనె పీల్చి కింద పడేస్తుంది. రేకులుగా రాలకుండా నిండు పువ్వు గిరగిరా తిరుగుతూ పడిందంటే పైన పిచ్చుక ఉన్నట్టే. ఫోటోకి దొరికేదీ అదే, మెజిరో క్షణం కుదురుగా ఉండదు.

నన్నడిగితే ఫోటోకి ఉమె, అంటే ఫిబ్రవరిలో పూసే ప్లమ్ పువ్వే మేలు. కాడ లేకుండా కొమ్మకే అంటుకుని గుండ్రటి రేకులతో ఉంటుంది కాబట్టి ఫ్రేము కట్టడం సులువు. చలికి వేళ్లు కొంకర్లు పోతాయన్నదొక్కటే బాధ.

2025లో ఉగాది మార్చి 30, ఆదివారం. టోక్యోలో నిండు పూత ప్రకటించిందీ ఆ రోజే. వీడియో కాల్‌లో అమ్మకి చెట్టు చూపిస్తే, "ఇన్ని పూలున్నాయి, పచ్చట్లోకి ఇంత వేపపువ్వు దొరకదుట్రా మీకు?" అంది. చేదు కోసం రెండు మెంతులు వేశామని చెప్పాను. ఆ సంగతి పిన్నికి, అత్తకి, పక్కింటావిడకి కూడా చేరింది.

ఏప్రిల్ వచ్చాక ఆఫీసులో ఊపిరాడుతుంది, పూలు కూడా తొందరపెట్టవు. రోడ్ల పక్క కంచెల్లో అజేలియాలు నిదానంగా పూస్తాయి. నెలాఖరుకి టోక్యోకి ఈశాన్యాన ఉన్న ఇబరాకిలో హితాచి సీసైడ్ పార్క్ గుట్టంతా నెమోఫిలా పూలతో నీలంగా మారుతుంది, పైన ఆకాశం కూడా అదే రంగు. టోక్యోలోని ఉఎనో స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్‌లో కత్సుతా దాకా వెళ్లి బస్సెక్కాలి. ఏప్రిల్ 29 నుంచి మొదలయ్యే గోల్డెన్ వీక్ సెలవుల్లో మాత్రం వద్దు, గుట్ట మీద క్యూలోనే నడవాలి. అంతకు ముందే మామూలు రోజున సెలవు పెట్టడం మంచిది. నేను మా మేనేజర్‌కి ఉన్నదున్నట్టు నెమోఫిలా కోసమనే చెప్పాను. ఆయన క్యాలెండర్ చూసుకుని, ఏ లెన్స్ తీసుకెళ్తున్నారని అడిగారు.