బత్తాయి సంచి

మా అక్క బిడ్డ పెండ్లి 2021 మే నెలలో, కరోనా లాక్‌డౌన్ పెట్టినంక. పెండ్లికి 40 మంది మించొద్దని రూలు. అందులో నా పేరు రెండోదో మూడోదో రాసుకున్నది అక్క. సొంత చిన్నమ్మను కదా. నేను పోలేదు. నాకు పన్నెండేండ్ల నుంచి షుగర్. పెండ్లిపిల్ల జాకెట్లు ఐదూ నేనే కుట్టి నకిరేకల్‌కు పంపి, నల్లగొండల నా మిషన్ ముందే కూసున్న.

"నువ్వు రాకుంటే పెండ్లి ఆగదు తీ" అని అక్క ఫోన్ పెట్టేసింది. నేనూ తక్కువేం అనలేదు. "పెండ్లి పేరుతోటి ఎవర్ని సంపుదామని?" అన్న. ఆ మాట ఇప్పటికీ నా చెవులనే ఉన్నది.

పెండ్లయిన ఐదో రోజు నాకు జ్వరం.

పెండ్లిల ఎవ్వరికీ ఏం కాలేదు. 40 అన్నది కాగితం మీది లెక్క, ఫోటోలల్ల నేనే 70 దాకా లెక్కవెట్టిన. అయినా ఏం కాలేదు. గడప దాటని నాకే వచ్చింది. పొద్దున 6 నుంచి 10 దాకా సడలింపు ఉండె, ఆ టైంల ఎవరో ఒకరు బట్ట ఇచ్చెటందుకు వస్తనే ఉండిరి. ఎవరి నుంచి అంటిందో ఏం చెప్తం? చుట్టాలకు మాత్రం బాగ తెలుసు. ఏప్రిల్‌ల మొదటి డోసు వేసుకున్న కదా, "సూది ఏసుకుంది, అందుకే వచ్చింది" అని ఒకరు. "పెండ్లికి రాకపాయె, రోగమే ఇంటికొచ్చె" అని ఇంకొకరు.

ర్యాపిడ్ టెస్టుల పాజిటివ్. జ్వరం సర్వేకు వచ్చిన ఆశమ్మ గేటు కాడ నిలబడి మందుల కిట్టు ఇచ్చి, ఏది ఎప్పుడు మింగాలో రెండుసార్లు చెప్పింది. మిషన్ ఉన్న ముందర గది నాది, వెనక గది మా ఆయనది, కొడుకుది. మూడో నాటికి వాసన పోయింది. మా ఆయన పచ్చిపులుసు చేసి తలుపు కాడ పెడితే, ఉప్పు వేసిండో లేదో కూడా తెల్వలేదు. ఆయనకు మాత్రం బాగుందని చెప్పిన.

ఏడో రోజు ఆక్సిజన్ 93. డాక్టర్ ఫోన్లనే బోర్లా పడుకొమ్మన్నడు, ఇంకా దిగితే ఇంట్ల ఉండొద్దన్నడు. ఛాతి కింద దిండు పెట్టుకొని, తల పక్కకు తిప్పి, వేలికి క్లిప్పు పెట్టుకొని ఆ అంకెనే చూసుకుంట పన్న. గంటకు 95 అయింది. స్టెరాయిడ్ గోలీలు మొదలుపెట్టంగనే షుగర్ 380 దాటింది, ఇన్సులిన్ పొడుసుకోవాల్సి వచ్చింది. ఊపిరికి మేలు చేసేది రక్తంల చక్కెర పెంచుతది. గోలీలు మింగుతున్నన్ని రోజులు రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకున్న.

సరిగ్గా అప్పుడు అక్క పంపిన బత్తాయి సంచి వచ్చింది. తోట మనిషి బండి మీద తెచ్చి గేటు కాడ దించి పోయిండు. ఫోన్ లేదు, మాట లేదు. నేనేమో రసం తాగరాదు. పైన ఉండే ఓనరమ్మకు సగం పంపితే, "మాకొద్దమ్మా, ఏమనుకోకు" అని కొడుకు చేతనే వాపస్ పంపింది. అప్పటికే మెట్ల ముందు బ్లీచింగ్ పౌడర్‌తోటి అడ్డంగ గీత పోసి ఉన్నది, ముగ్గు వేసినట్టు. కిటికీలకెల్లి ఆ గీతను చూసుకుంట రెండు రోజులు మండిపడ్డ. ఆమె మామకు 80 దాటినయ్. ఆ ముసలాయన కోసం ఆమె గీత పోసుకున్నది. నా షుగర్ కోసం నేను పెండ్లి ఎగ్గొట్టిన. మరి అక్కను అన్ని మాటలన్నదాన్ని, ఓనరమ్మను ఏ మొకం పెట్టుకొని అనాలె?

ఆశమ్మ మాత్రం రెండు కాయలు తీసి సంచిల వేసుకున్నది. మిగిలినయి మా ఇంట్లోల్లే తిన్నరు.

ఆ రాత్రి అక్కకు నేనే ఫోన్ చేసిన. "కాయలు ముట్టినయా?" అన్నది. "ముట్టినయక్కా." "ఏం తిన్నవ్?" అంతే. పెండ్లి ముచ్చట తను తియ్యలే, నేనూ తియ్యలే.

జ్వరం పోయినా మిషన్ తొక్కితే ఆయాసమొచ్చేది. ఒక జాకెట్‌కు మూడు రోజులు పట్టేది. దువ్వెన నిండ వెంట్రుకలు. వాసన మెల్లగ వచ్చింది, మొదట తెలిసింది కిరోసిన్‌ది. జబ్బు పడ్డోళ్లు మూడు నెలలు ఆగాలన్నరు, అందుకే రెండో డోసు ఆగస్టు ఆఖరుకు వేయించుకున్న.

బతుకమ్మకు అక్క ఇంటికి పోయిన. అక్క సూది వేయించుకోలేదు. అది తప్పనే ఇప్పటికీ నా లెక్క, కానీ అడగలేదు. వాకిట్ల నేనొక్కదాన్నే మాస్కు పెట్టుకొని, గునుగు పూలు ముందేసుకొని కూసున్న. పక్కింటామె నవ్వింది. "ఇంకా ఆ ముక్కు మూసుకునుడేందమ్మా, కరోనా పాయె గద!"

అక్క తలెత్తకుండనే తంగేడు పూలు దగ్గరికి లాక్కున్నది.

"ఆమె ముక్కు, ఆమె మూసుకుంటది. నువ్వు పూలు అందియ్యి."