సెంట్లు ఎక్కడికి పోయాయి?

"ఎర్రర్లు పోయాయి సరే, సెంట్లు ఎక్కడికి పోయాయి?"

మీటింగులో అందరి ముందూ ఆవిడ అడిగిన ప్రశ్న. అరవై దాటిన మనిషి. పేరు పెట్టి పిలవమని నేను చేరిన రోజే చెప్పారు. మా అమ్మకన్నా పెద్దావిడని అలా పిలవడానికి నోరు రాదు. ఏ పిలుపూ లేకుండానే రెండేళ్లుగా నెట్టుకొస్తున్నాను.

అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలోని ప్రోగ్రాములని జావా భాషలోకి మార్చడం మా పని. కన్వర్టర్ మార్చి పడేస్తుంది, కంపైల్ చేస్తే వందల్లో ఎర్రర్లు. నాకొచ్చినవాటిలో సగం ఒకటే: 'పాసిబుల్ లాసీ కన్వర్షన్ ఫ్రమ్ డబుల్ టు ఇంట్'. అంటే దశాంశాలుండే డబుల్‌ని, పూర్ణాంకాలే పట్టే ఇంట్‌లో పెడితే కొంత పోవచ్చని. కోబాల్లో 9(5)వి99 అని రాస్తే 'వి' దగ్గర దశాంశ చుక్క ఉన్నట్టు లెక్క, ఫైల్లో మాత్రం కనపడదు. మా కన్వర్టర్ కొన్నిచోట్ల ఆ 'వి'ని మింగేసి ఫీల్డుని ఇంట్ చేసేసింది. శుక్రవారం డెడ్‌లైన్. టెన్షన్లో అన్నిచోట్లా ఇంట్ అని కాస్ట్ పెట్టేశాను, అంటే బలవంతంగా ఇంట్ చేసేయమన్నాను. ఎర్రర్లు సున్నా. 148.67 డాలర్ల ప్రీమియం 148 అయి కూర్చుంది.

తప్పు నాదే. కానీ అందరి ముందూ అడగాలా? హైదరాబాదులో మా లీడ్ అయితే పక్కకి పిలిచి, టీ ఇప్పించి మరీ తిట్టేవాడు. ఆ తిట్లలో ఒక "బాబూ" ఉండేది. ఇక్కడ గొంతు పెంచరు, నవ్వుతూనే అడుగుతారు. అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. అయినా చిల్లర లేదని కొట్టాయన చాక్లెట్ చేతిలో పెడితే మాట్లాడకుండా తీసుకొచ్చినవాళ్లం. ఇక్కడ క్యాషియర్ ఒక్క సెంటు కూడా తిరిగిస్తుంటే వీళ్లకి ఇంత పట్టింపేంటో అనుకునేవాణ్ణి. మనది పెద్దమనసు అని ఇప్పటికీ నా నమ్మకం. ఆ పెద్దమనసు కొట్టాయనదా, మాదా అంటే చెప్పలేను.

మధ్యాహ్నం ఆవిడే నా సీటు దగ్గరికొచ్చి, పాత ప్రోగ్రాం తెరిచారు. పైన కామెంటులో 1987, పక్కన రెండు పొడి అక్షరాలు. ఆవిడవే. అప్పటికి నేను పుట్టలేదు.

"రౌండెడ్ అని రాయనిచోట కోబాల్ మిగతా అంకెలని కోసేస్తుంది. ఎక్కడ రాయాలో, ఎక్కడ వద్దో ఆలోచించే రాశాను" అన్నారు.

అంటే అన్నిచోట్లా బిగ్‌డెసిమల్, దశాంశాలని ఉన్నదున్నట్టు దాచే జావా రకం. ఒకచోట మిగతాది కోసేసే డౌన్, ఇంకోచోట సగమైనా దాటినా పైకి తీసుకెళ్లే హాఫ్ అప్. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 చూపించే డబుల్‌ని డబ్బు దగ్గరికి రానివ్వకూడదు, అది కాలేజీలో చదివిందే. ఒక్కో లైనూ కోబాల్‌తో పోల్చుకుంటూ కూర్చుంటే ఎనిమిదైంది.

రాత్రి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా?" అంది.

"ఆఫీసులోనే. ఒక ఆంటీ తన శాండ్‌విచ్‌లో సగం పెట్టారు" అన్నాను.