బిజినెస్ ఆట ఎందుకు తెమలదు?

రోహిణి కార్తెలో బెజవాడలోనైనా గుంటూరులోనైనా మధ్యాహ్నం పిల్లల్ని బయటికి పంపలేం. అప్పుడు అటక మీంచి దిగే డబ్బాల్లో బిజినెస్ ఒకటి. రెండింటికి మొదలైతే ఆరైనా తెమలదు. ఒకడు అలిగి లేచిపోతాడు, ఇంకొకడు బోర్డు తిరగేస్తాడు. తప్పు పిల్లలది కాదు. డబ్బాలో ఉన్న రూల్సు కాగితం ఎవరూ చదవరు, సగం రూల్సు పక్కింటివాళ్ళ దగ్గర విన్నవే.

బిజినెస్‌కి మూలం అమెరికా ఆట మోనోపలీ. 1930ల మాంద్యంలో ఉద్యోగం లేక కూర్చున్న చార్లెస్ డారో దాన్ని కనిపెట్టాడని చాలా ఏళ్ళు ప్రచారం జరిగింది. అసలు పుట్టించింది ఎలిజబెత్ మాగీ. ఆమె చేసిన ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’కి 1904 జనవరి 5న పేటెంటు వచ్చింది. చుట్టూ తిరిగే బాట, నాలుగు రైల్వేలు, మూలన జైలు, చుట్టు పూర్తిచేస్తే వంద డాలర్ల కూలి అన్నీ అందులోనే ఉన్నాయి.

మాగీ అమెరికా ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ వాదాన్ని నమ్మిన మనిషి. స్థలం విలువ యజమాని చెమటోడ్చినందుకు పెరగదు, చుట్టూ జనం చేరితే పెరుగుతుంది, కాబట్టి ఆ రాబడి పన్ను రూపంలో జనానికే రావాలన్నది జార్జ్ మాట. మన ప్రాంతంలో దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. 2014లో రాజధాని కబురుతో తుళ్ళూరు చుట్టుపక్కల ఎకరం ధర ఎలా ఎగిరింది, 2019 చివర మూడు రాజధానుల మాటతో ఎలా చల్లబడింది! మట్టి మాత్రం అదే. అద్దెలు పెరిగే కొద్దీ ఒక్కడు బాగుపడి మిగతావాళ్ళు చితికిపోవడం కళ్ళకి కట్టాలనే మాగీ ఆట చేసింది. కాబట్టి ఓడిపోయేవాడికి ఒళ్ళు మండుతోందంటే ఆట సరిగ్గా పనిచేస్తోందన్నమాట.

డెలావేర్‌లోని ఆర్డెన్ అనే ఊళ్ళోనూ కాలేజీల్లోనూ జనం చేత్తో బోర్డులు గీసుకుని ఆడేవారు. అట్లాంటిక్ సిటీలోని క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు తమ వీధుల పేర్లు పెట్టుకున్నారు. డారోకి చేరింది ఆ బోర్డే. ‘మార్వెన్ గార్డెన్స్’ అన్న పేరు ఆ చేతిరాత బోర్డులో ‘మార్విన్’ అని తప్పుపడితే, డారో ఆ తప్పుతో సహా ఎత్తేశాడు. 1935లో ఆటల కంపెనీ పార్కర్ బ్రదర్స్ అతని దగ్గర హక్కులు కొని, అదే ఏడాది మాగీ పేటెంటుకి 500 డాలర్లు ఇచ్చింది. అతను కోటీశ్వరుడయ్యాడు. ఆమెకి రాయల్టీ కూడా లేదు.

ఇక ఆట సాగడానికి కారణాలు. లెక్కలన్నీ మోనోపలీవే. అన్నిటికంటే పెద్దది వేలం మానేయడం. ఎవరైనా స్థలం మీద దిగి కొననంటే బ్యాంకు దాన్ని వెంటనే వేలం వేయాలి. వద్దన్నవాడు కూడా పాడుకోవచ్చు. మనవాళ్ళు ‘పాస్’ అని పాచికలు పక్కవాడికి ఇచ్చేస్తారు. దాంతో 28 ఆస్తులూ అమ్ముడుపోవడానికే గంటన్నర పడుతుంది. ఒకే రంగు స్థలాలన్నీ ఒక్కడి చేతికి వస్తే తప్ప ఇళ్ళు కట్టలేం, ఇళ్ళు లేకపోతే ఎవడూ దివాలా తీయడు.

రెండోది, జరిమానాలన్నీ బోర్డు మధ్యలో పోగేసి ఫ్రీ పార్కింగ్ మీద దిగినవాడికి ఇవ్వడం. అసలు రూల్లో అది ఉత్త విశ్రాంతి గడి, జరిమానా బ్యాంకుకే పోవాలి. చితికిపోబోయే ఆటగాడికి ఇలా లాటరీ తగిలించడమంటే ఆటకి సెలైన్ పెట్టడమే. మొదట ఒక్కొక్కరికి 1500, చుట్టుకి 200 అన్న లెక్క. అంతకు మించి డబ్బు లోపలికి వస్తే ఆట సాగుతూనే ఉంటుంది.

మూడోది చింతపిక్కలు! ఇళ్ళు అయిపోతే వాటి బదులు చింతపిక్కలు పెట్టేస్తారు. అది చాలా తప్పు. డబ్బాలో 32 ఇళ్ళు, 12 హోటళ్ళు మాత్రమే ఉండటం కావాలని చేసినదే. మూడేసి స్థలాలున్న రెండు రంగుల్లో నాలుగేసి ఇళ్ళు కడితే 24 ఖర్చు, మిగతా అందరికీ కలిపి ఎనిమిదే. అందుకే తెలిసినవాళ్ళు హోటల్ కట్టరు. కడితే నాలుగు ఇళ్ళూ బ్యాంకుకి తిరిగిపోయి ఎదుటివాడికి అందుతాయి.

ఏ రంగు కొనాలంటే కళ్ళు మూసుకుని నారింజ అనండి. జైలు పదో గడి, నారింజ స్థలాలు 16, 18, 19. జైలు నుంచి బయటపడ్డవాడికి 6, 8, 9 పడితే చాలు. రెండు పాచికల 36 రకాల్లో 14 ఇవే. 16వ గడిలో రెండు ఇళ్ళకి అద్దె 200, మూడో ఇల్లు కడితే ఒక్కసారిగా 550. తర్వాత నాలుగో ఇంటికి పెరిగేది 200 మాత్రమే. అందుకని చేతిలో డబ్బుంటే ముందు మూడేసి ఇళ్ళదాకా లాగి ఆగాలి. మన బిజినెస్ డబ్బాల్లో ఊళ్ళూ ధరలూ వేరు కాబట్టి కార్డు మీద అద్దె ఎక్కడ ఎగురుతోందో మీరే చూసుకోండి.

మాగీ ఇంకో పద్ధతి కూడా రాసింది. స్థలం అద్దె యజమానికి కాక ఉమ్మడి ఖజానాకి పోతుంది. అందరికంటే తక్కువ డబ్బున్నవాడి సొమ్ము మొదటికి రెట్టింపైతే అందరూ గెలిచినట్టే. బోర్డు పక్కన ఒక ఖాళీ స్వీట్ల డబ్బా పెడితే ఖజానాకి సరిపోతుంది.