పెద్ద బ్రూవరీ చూడటానికి టికెట్ కొనాలా?

బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ మా బావ అడిగాడు, "ఒరేయ్, క్రాఫ్ట్ బీర్, అదే చిన్న చిన్న చోట్ల కాచే బీరు, దాని కోసం బెంగళూరు దాకా పోయేవాడివి, ఆ పెద్ద బ్రూవరీలో, అంటే బీరు ఫ్యాక్టరీలో, నువ్వు చూసేదేముందిరా?" అని. చెక్ రిపబ్లిక్‌లోని పిల్జెన్ వెళ్లేదాకా నాదీ అదే మాట. పిల్స్‌నర్ ఉర్క్వెల్ అనే బీరు బ్రాండ్ ఊరు అది, 1842లో బవేరియా నుంచి వచ్చిన జోసెఫ్ గ్రోల్ తొలి పిల్స్‌నర్, అంటే లేత బంగారు రంగు బీరు, కాచింది అక్కడే.

సీసాలు నింపే లైన్ ఐదు నిమిషాలు బాగుంటుంది, తర్వాత బోర్. అసలు మజా కింద, నేలమాళిగలో. బెజవాడ ఎండకు అలవాటైన ఒళ్లు కదా, ఆ చలికి పళ్లు కటకటలాడాయి. ఓక్ పీపా కుళాయి తిప్పి బీరు నేరుగా గ్లాసులో పోస్తారు, వడకట్టనిది, పాశ్చరైజ్ (వేడి చేసి సూక్ష్మజీవుల్ని చంపడం) చేయనిది. రంగు కాస్త మసకగా, పైన మీగడలా నురగ, గుటక దిగాక సాజ్ హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) చేదు నాలుక వెనకాల అలా నిలబడిపోతుంది. ఇది సీసాలో దొరకదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో హైనెకెన్ పాత బ్రూవరీ అలా కాదు, అక్కడ 1988లోనే కాచడం ఆపేశారు, ఇప్పుడది మ్యూజియం. ఫొటోలకైతే సరే. డబ్లిన్‌లో గిన్నిస్ స్టోర్‌హౌస్ కూడా దాదాపు అంతే, కాకపోతే పైఅంతస్తు బార్ నుంచి ఊరంతా కనబడుతుంది.

బావ అంతా విని, "పీపా బీరుంటే చెప్పు, నేనూ వస్తా" అన్నాడు, టీ డబ్బులు మాత్రం నాచేతే కట్టించి.