వరిబీజం: టార్చి, సూది, ఆపరేషను

కోనసీమలో బోదకాలు అందరికీ తెలిసిన జబ్బే. ఆ ఫైలేరియా పురుగే వృషణాల దగ్గర చేరి నీరు పట్టిస్తే మాత్రం ఎవరూ నోరు విప్పరు. నాకు కుడివైపు అలా దిగింది. వరిబీజం, మావాళ్ల మాటలో బుడ్డ. పంచె కింద ఏళ్ల తరబడి దాచాను. దాచాల్సిన పనే లేదు.

డాక్టరుగారు ముందు "ఓసారి దగ్గండి" అన్నారు. దగ్గితే వాపు ఎగదన్నితే గిలక, అంటే హెర్నియా అయ్యుండొచ్చు. తర్వాత గది చీకటి చేసి, వాపుకి టార్చి ఆనించారు. లోపలంతా ఎర్రగా వెలిగింది, వెనక బీజం (వృషణం) నీడ మాత్రం నల్లగా కనపడింది. వెలుగు దాటితే నీరన్నమాట. పాతబడి పొర మందమెక్కినా, రక్తం చేరినా, కంతి ఉన్నా వెలుగు దాటదు. అందుకే స్కానింగు తప్పదు. నొప్పి లేని గట్టి గడ్డ తగిలితే అసలు ఆలస్యం చేయకూడదు, అది క్యాన్సరు కావచ్చు.

అంతకుముందు ఒక ఆర్‌ఎంపీ సూదితో నీరు లాగారు. లేత పసుపు రంగు నీరు. రెండు నెలల్లో మళ్లీ నిండింది. నీరూరేది బీజం చుట్టూ ఉన్న పొరలోంచి. ఆ పొర ఉన్నంతకాలం ఊరుతూనే ఉంటుంది. పైగా సూదితో చీము పట్టొచ్చు, రక్తం గడ్డకట్టొచ్చు.

ఆపరేషనులో నడుముకి మత్తు ఇచ్చి, బీజాలుండే తిత్తి కోసి, నీరు తీసేసి, మందమైన పొరని కత్తిరించి కుట్టేస్తారు. బీజం బీజంలాగే ఉంటుంది. మగతనం పోతుందన్న భయం వట్టిది. నాకు సన్న గొట్టం పెట్టి రెండోరోజు తీసేశారు. అసలు కష్టం ఇంటికొచ్చాకే. తిత్తి కమిలి, నిమ్మకాయంత గట్టిగా ఉంటే మళ్లీ వచ్చిందనుకున్నాను. ఆ వాపు కొన్ని వారాలు ఉంటుందట. బిగుతైన లంగోటా తీయకుండా కట్టాను. సైకిలు, ధాన్యం బస్తాలు, కొబ్బరి గెలలు ఆరు వారాలు ముట్టుకోలేదు. తిత్తి గంటల్లో ఉబ్బి బిగిసినా, జ్వరమొచ్చినా, చీము కారినా వెంటనే వెళ్లాలి.

ఇంటింటికీ తిరిగి మింగించే ఫైలేరియా మాత్రలు, డీఈసీ, ఆల్బెండజోల్, పట్టిన నీటిని తగ్గించవు, రక్తంలో పిల్లపురుగుల్ని చంపుతాయి. పెద్దవాళ్లకి డీఈసీ 100 మిల్లీగ్రాములవి మూడు, ఆల్బెండజోల్ 400ది ఒకటి, అన్నం తిన్నాకే. గర్భిణులకీ, రెండేళ్లలోపు పిల్లలకీ ఇవ్వరు. మావాళ్లు జేబులో వేసుకుని పారేస్తుంటారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కుర్రాళ్లకి ఇంకొకటి. బీజంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతి వస్తే అది మెలిపడిందేమో చూడాలి. ఆరు గంటల్లోపు విప్పకపోతే బీజం పోవచ్చు. తెల్లారేదాకా ఆగకండి, నాన్నకి చెప్పడానికి సిగ్గయితే అమ్మకి చెప్పండి, అర్ధరాత్రయినా పెద్దాసుపత్రికి వెళ్లండి.